వీపు గాలికి, ఎడమ చెయ్యి తుఫానుకి

ఒకటో రోజు, సోమవారం. గాలి ఈశాన్యం, ఒక మోస్తరు.

రెబెకా టీచరు చెప్పింది కాబట్టి రాస్తున్నాను. గాదె మీద ఫిర్యాదు పెట్టాలంటే ఇరవై రోజుల పాటు, రోజు వేసి, గాలి వేసి, చూసింది చూసినట్టు రాయాలట. లేకపోతే తీసుకోరట. నేను నాలుగో తరగతి వరకే చదివాను, అదీ మా పేట సముద్రంలో కలిసిపోక ముందు. అక్షరాలు వంకరగా ఉన్నాయని దీన్ని తిప్పి పంపేవాళ్లు ఎవరైనా ఉంటే, ముందు నాతో మాట్లాడి పంపండి.

నా పేరు మైలపల్లి దానమ్మ. తెప్పలపాలెం ఇంటర్నేషనల్ స్కూల్లో ఆయాను. ఊరంతా నీళ్ల మీదే, పన్నెండు పెద్ద తెప్పల మీద తేలుతుంది, బడి ఆరో తెప్ప మీద ఉంది. పొద్దున పిల్లలు పడవలు దిగగానే వాళ్ల తేలే జాకెట్లు విప్పి ఆరేస్తాను. సాయంత్రం ఎక్కే ముందు కడతాను. నూట నలభై మంది, ఒక్కొక్కరికి మూడు కట్లు. కట్టాక మెడ దగ్గర వేలు దూర్చి చూసి, రేవు పలక మీద నా బొటనవేలు ఒత్తితేగాని ఏ పడవా కదలకూడదు. అది ఊరి రూలు.

ఇక గాదె. ధాన్యం గాదె కాదు. ప్రపంచంలో ఉన్న ఇంటర్నేషనల్ స్కూళ్లన్నిటికీ పాఠాలు దాచే చోటు. టీచర్లు అందులోంచి తీసి చెబుతారు, పిల్లలు అందులోంచి తీసి చదువుతారు. పరీక్ష అదే పెడుతుంది, అదే దిద్దుతుంది.

ఇవాళ నా మనవరాలు నీలవేణి పరీక్ష పలక పట్టుకుని వచ్చింది. ఆరో తరగతి. దాని అమ్మ ఆటుపోట్ల కరెంటు మరల దగ్గర నీళ్ల కింద పని చేస్తుంది, నెలకు నాలుగు రోజులే పైకి వస్తుంది. అందుకని మంచికీ చెడ్డకీ దానికి నేనే.

"అమ్మమ్మా, నీ మాట ఇని ఎడమని రాసినాను. సున్నా ఎట్టీసింది."

"ఎవులెట్టినారే?"

"గాదె."

ప్రశ్న చదివించుకున్నాను. గాలికి వీపు పెట్టి నిలబడితే తుఫాను నడిబొడ్డు ఏ చేతి వైపు ఉంటుంది? మాది ఎడమ. గాదెది కుడి.

మా నాన్న నన్ను ఆరేళ్లప్పుడు పడవ అంచున నిలబెట్టి, గాలికి వీపు పెట్టించి, ఎడమ చెయ్యి చాపించి, అదిగో అక్కడుంది, అటు పోకు, అన్నాడు. అప్పటినుంచి అరవై ఏళ్లు ఈ సముద్రం మీద బతికాను. ఒక్కసారి కూడా అది కుడి వైపు ఉండగా చూడలేదు.

"గాదెకేటి తెలుసే?"

"నీకంటే తెలుసంట. లచ్చల మంది సదివినారంట ఆ పాఠం. అయిదు నచ్చత్రాలు."



రెండో రోజు, మంగళవారం. గాలి ఈశాన్యం.

గాదె చెడ్డదని నేను అనను. అన్యాయంగా మాట్లాడితే కళ్లు పోతాయి. నీలు భిన్నాలు నేర్చుకున్నది అందులోనే, రొట్టెలు తుంపినట్టు బొమ్మలు వేసి చూపిస్తుంది. సరిగా చదవలేని పిల్లగుంటలకు అక్షరం మీద వేలు పెడితే చదివి వినిపిస్తుంది. టీచర్లకు బొమ్మలు, ప్రశ్నలు, ఆటలు అన్నీ సిద్ధంగా ఉంటాయి. కరెంటు మరల ఇంజనీర్ల పిల్లలు ఒక నెల ఇక్కడ, వచ్చే నెల పెరూలో ఉంటారు. ఎక్కడికి పోయినా పాఠం ఆగిన పేజీ దగ్గరే మొదలవుతుంది. అది మంచిదే.

కాని అందుకనే ఒక రూలు పెట్టారు. గాదెలో లేనిది టీచరు నోటితో చెప్పకూడదు.

రెబెకా టీచరు మంచి పిల్ల. కాకినాడ వైపు నుంచి వచ్చింది. ఉద్యోగం అంటే భయం. నిన్న సాయంత్రమే రేవులో పట్టుకుని అడిగాను.

"టీచరమ్మా, తప్పు పాఠం సెప్తన్నారు."

"నేను చెప్పట్లేదండీ దానమ్మగారూ, గాదె చెప్తోంది."

"నీ నోట్లోంచే కదమ్మా వొస్తంది."

పాపం, ముఖం ఎర్రబడింది. పాఠం కింద అభిప్రాయం రాయాలంటే టీచరు పట్టా ఉండాలట. పట్టా ఉన్నవాళ్లు రాసినా, అయిదు నక్షత్రాల పాఠం మీద రాస్తే వాళ్ల పేరు పక్కన ఎర్ర చుక్క పడుతుందట. మామూలు మనుషులు నక్షత్రాలు మాత్రం ఇవ్వవచ్చు, లేదా ఇరవై రోజులు రాసి ఫిర్యాదు పెట్టవచ్చు. ఆ దారి కూడా ఈ అమ్మాయే వెతికి చెప్పింది.

నాలుగో రోజు, గురువారం. గాలి ఉత్తరం. కెరటం లేచింది.

జాకెట్లు ఆరేస్తూ కిటికీలోంచి పాఠం చూశాను. తలలో పువ్వు పెట్టుకున్న ఒక పెద్దావిడ, నా ఈడే ఉంటుందేమో, ఇసుకలో నిలబడి గాలికి వీపు పెట్టి, కుడి చెయ్యి చాపి చూపిస్తోంది. మంచి గొంతు. క్లాసులో ముప్పై ఆరు మంది లేచి నిలబడి ముప్పై ఆరు కుడి చేతులు చాపారు. మా నీలు కూడా చాపింది. నా చేతిలో జాకెట్టు నీళ్లలో పడిపోయింది.

పాఠం అయ్యాక రెబెకా టీచరు సముద్రం పరీక్ష రోజు చెప్పింది. ఈ రాతల లెక్కన పన్నెండో రోజున, శుక్రవారం.

ఆ పరీక్ష ఏమిటో రాయాలి, చదివేవాళ్లు ఎక్కడివాళ్లో. మూడేళ్ల కింద పైన ఉపగ్రహం నుంచి వచ్చే కనెక్షన్ నాలుగు రోజులు పోయింది. దారి చూపే యంత్రాలన్నీ గుడ్డివయ్యాయి. గాలివానలో రెండు పడవలు ఎటు పోవాలో తెలియక, పోకూడని వైపే పోయాయి. పదకొండు మంది. అప్పటినుంచి ఆరో తరగతి పిల్లలందరికీ పరీక్ష పెట్టారు. పడవకు ఆరుగురు. యంత్రాలు ఉండవు. గాలి చూసుకుని, చెడు వాతావరణం ఏ వైపు ఉందో తేల్చుకుని, రెండో వైపు ఉన్న ఆశ్రయం తెప్పకు చేరాలి. ఉత్తరాన ఒక తెప్ప, దక్షిణాన ఒక తెప్ప. టీచరు పడవ వెనకాలే వస్తుంది కాని మొదటి గంట నోరు విప్పకూడదు. పరీక్ష ప్రశాంతంగా ఉన్న రోజు పెట్టరు. కాస్త గాలి ఉన్న రోజే పెడతారు, లేకపోతే పరీక్ష ఎందుకు.

చనిపోయినవాళ్ల కోసం పెట్టిన పరీక్షకు, మళ్లీ చనిపోయే జవాబు నేర్పుతున్నారు.

అయిదో రోజు, శుక్రవారం. గాలి ఉత్తరం, తగ్గింది.

వంటగది సన్యాసమ్మతో చెప్పుకున్నాను. ఆవిడ రొయ్యలు ఒలుస్తూ నవ్వింది.

"ఏటే దానీ, మొన్న కొత్త తాళ్లు మంచివి కాదన్నావు. అంతకు ముందు నీళ్ల టాంకీలో పాసి వాసనొస్తందన్నావు. ఇప్పుడు తుఫానే అటు కాదు ఇటన్నావు. నీకు దిగులు లేని రోజు ఒక్కటుంటే సెప్పు, ఆ రోజు పాయసం వొండుతాను."

"టాంకీలో పాసి ఉన్నాదా లేదా?"

"ఉన్నాది."

"మరి?"

సన్యాసమ్మ రొయ్య పక్కన పెట్టింది. "ఎడమే కదే," అంది కాసేపటికి, తనలో తాను చెయ్యి చాపి చూసుకుని. "మా అయ్య కూడా ఎడమే సెప్పేవోడు."

అవును, నేను దిగులు మనిషినే. ఆరిన జాకెట్టు మళ్లీ తడిమి చూస్తాను. నిద్రలో కట్లు లెక్క పెడతాను. అంతమాత్రాన నేను చెప్పేదంతా దిగులే అయిపోతుందా?

ఏడో రోజు, ఆదివారం. గాలి లేదు. ఉక్కగా ఉంది. నాకిది నచ్చలేదు.

రెబెకా టీచరు సెలవు రోజు కూడా మా ఇంటికి వచ్చింది. గాదె అడుగున తవ్వి చూసిందట.

"దానమ్మగారూ, మొదట్లో రెండు పాఠాలుండేవండీ. ఒకటి ఎడమ, ఒకటి కుడి. భూమధ్య రేఖకి ఇటు వైపు తుఫానులు ఒకలా తిరుగుతాయి, అటు వైపు ఇంకోలా తిరుగుతాయి. ఇప్పుడు పాఠంలో కనిపించే ఆవిడ పేరు లిటియా, ఫిజీ దీవుల దగ్గర తేలే బళ్లో టీచరు. వాళ్లకి కుడే కరెక్టు."

"మరి మన పాఠం ఏటయింది?"

"ఒక విషయానికి ఒక్కటే పాఠం ఉండాలని పోయిన ఏడాది రూలు పెట్టారు కదా. ఒకే ప్రశ్నకి రెండు జవాబులున్నాయి, ఒకటి తప్పయి ఉంటుందని గాదె అనుకుంది. నక్షత్రాలు తక్కువున్న దాన్ని తీసేసింది."

తుఫాను ఎటు ఉందో ఓట్లు వేసి తేల్చారన్న మాట.

"ఆవిడకి అక్కడ కుడైతే అక్కడే సెప్పుకోమనమ్మా. ఇక్కడ నా గుంటకెందుకు?"

అలా అన్నాను. రాయాలి కాబట్టి రాశాను.

తొమ్మిదో రోజు, మంగళవారం. గాలి తూర్పుకు తిరిగింది.

ప్రిన్సిపాల్ హాల్వర్‌సెన్ సారు దగ్గరకు పోయాను. ఆయనది నార్వే. మెడలో మాట పెట్టె వేసుకుంటాడు, ఆయన భాష అందులోంచి మన భాషగా వస్తుంది. ఆ పెట్టె రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడుతుంది. ఆయన తిట్టినా, టీ కావాలన్నా ఒకే గొంతు.

"గౌరవనీయులైన ఆయా గారూ, మీ ఆందోళనను మేము గమనంలోకి తీసుకున్నాము," అంది పెట్టె.

"గమనంలోకి కాదు సారూ, పాఠంలోకి తీసుకోండి."

"పాఠాలలో మార్పులు చేయు అధికారం పాఠశాలకు లేదు. మీ ఫిర్యాదును ఇరవై దినముల పిమ్మట సమర్పించవలసిందిగా కోరుచున్నాము."

"పరీచ్చ మూడు రోజుల్లో ఉన్నాది."

పెట్టె కాసేపు గుర్రుమంది. ఆయన ఏదో చాలా చెప్పాడు, చేతులు కూడా తిప్పాడు. పెట్టె మాత్రం, "అవును," అని ఊరుకుంది.

పాపం ఆయనకు కూడా పిల్లలున్నారు. కాని పాపం అనుకుంటూ కూర్చుంటే ముప్పై ఆరు మంది వెళ్లిపోతారు.

పన్నెండో రోజు, శుక్రవారం. గాలి తూర్పు, గట్టిగా. రేవు మీద జాగ్రత్త చెప్పే పసుపు జెండా ఎగరేశారు. దక్షిణాన మబ్బు నల్లగా ఉంది.

తూర్పు గాలి అంటే, వీపు తూర్పుకు పెడితే ముఖం పడమరకు. ఎడమ చెయ్యి దక్షిణానికి. అది దక్షిణాన ఉంది, ఉత్తరపు తెప్పకు పోవాలి. గాదె లెక్కన అది ఉత్తరాన ఉంది, పిల్లలు దక్షిణపు తెప్పకు పోవాలి. ఎనిమిది మైళ్లు, తిన్నగా దాని నోట్లోకి.

పొద్దున ఎనిమిదికి ముప్పై ఆరు మంది రేవులో వరసగా నిలబడ్డారు. జాకెట్లన్నీ ఒక్క కుప్పగా వేశాను. వేసి, ఆ కుప్ప మీద కూర్చున్నాను.

రెబెకా టీచరు మెల్లగా, "దానమ్మగారూ," అంది.

"కట్టను."

పిల్లలు నవ్వారు. మా నీలు నవ్వలేదు. తల వంచుకుని చెప్పు కొన చూస్తూ నిలబడింది. ఆ వయసుకు సిగ్గు ఎంత బరువో నాకు తెలుసు. అయినా లేవలేదు.

హాల్వర్‌సెన్ సారు వచ్చాడు. పెట్టె మొదలుపెట్టింది. "మీరు విధి నిర్వహణకు ఆటంకము కలిగించుచున్నారు. మిమ్ములను విధుల నుండి తొలగించు అవకాశము కలదు."

"తొలగించండి. కొత్త ఆయాని తెండి. ఆవిడ బొటనవేలు ఈ పలక మీద ఎక్కడానికి రెండు రోజులు పడతాది. ఆ రెండు రోజుల్లో అది దాటి పోతాది. నాకంతే కావాల."

"మీ వద్ద ఆధారము ఉన్నదా?"

"నా ఎడమ సెయ్యి ఉన్నాది."

మళ్లీ నవ్వులు. అప్పుడు నీలు తల ఎత్తింది.

"సారూ, తుఫాను ఉన్న వైపు గాలి బరువు తగ్గుతాదని గాదె సెప్పింది. అది వేరే పాఠం, దానికి కూడా అయిదు నచ్చత్రాలే. రెండు తెప్పల మీదా బారోమీటర్లు ఉన్నాయి. ఫోను చేసి అడగండి. ఎటు తక్కువుంటే తుఫాను అటు."

సారు రేవు ఫోను తీశాడు. ఉత్తరపు తెప్ప కాపలాదారు వెయ్యిన్నీ ఆరు అన్నాడు. దక్షిణపు తెప్పకు చేశాడు. ఆ కాపలాదారు గొంతు గాలి హోరులో సగమే వినిపించింది. తొమ్మిది వందల తొంభై ఎనిమిది, పొద్దుటినుంచి పడుతూనే ఉంది, అన్నాడు. తలుపులు బిగించుకుంటున్నాను, పిల్లల్ని ఇటు పంపొద్దు అని కూడా అన్నాడు.

సారు ఫోను పెట్టేసి పిల్లల వైపు చూశాడు. తర్వాత తన సొంత భాషలో ఒక్క మాట అన్నాడు. పెట్టె దాన్ని మార్చలేదు. పరీక్ష ఆపేశారు.

నేను లేవబోతే మోకాళ్లు పట్టేశాయి. నీలు వచ్చి చెయ్యి ఇచ్చింది. "అందరి ముందర ఎందుకు కూకున్నావు అమ్మమ్మా," అని కోప్పడింది, చెయ్యి మాత్రం వదలలేదు.

పదమూడో రోజు, శనివారం. గాలివాన. బడి లేదు.

నిన్ననే పడవలెక్కి వచ్చి, ఉత్తరపు తెప్ప మీద అందరం సర్దుకున్నాం. సారు వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు. "పరీక్ష నిలుపుదల చేయగలిగితిని. పాఠము మార్చలేను. సోమవారము మరల కుడి అనియే బోధించవలెను," అంది పెట్టె.

చూశారా. కళ్లతో చూశాక కూడా.

రెబెకా టీచరు ఒక దారి చెప్పింది. మన పాఠం మనమే చేసి గాదెలో పెడదాం, పాత పాఠం కంటే ఈ నెలలో ఎక్కువ నక్షత్రాలు వస్తే మనదే నిలుస్తుంది, అంది. ఓట్లతో పోయింది ఓట్లతోనే తెస్తామని నాకు కూడా రక్తం ఉడికింది. అక్కడే వాన చప్పుడులో నా చేత మాట్లాడించింది. గాలికి వీపు పెట్టి ఎడమ చెయ్యి చాపి, మా నాన్న చెప్పినట్టే చెప్పాను.

పద్దెనిమిదో రోజు, గురువారం. ఎండ. గాలి పలచగా.

పన్నెండు తెప్పలూ తిరిగాను, సన్యాసమ్మ తోడు. ప్రతి గడపలో పలక చాపి, "నచ్చత్రం ఒత్తండి" అని అడిగాం. వలలు అల్లేవాళ్లు, మరల దగ్గర పనివాళ్లు, ఫోను వాడటం రాని ముసలివాళ్లు, అందరూ ఒత్తారు. ఒక ఇంట్లో మనిషి ఏ పాఠమో అడగకుండానే ఒత్తాడు. సన్యాసమ్మ వాడిని ఆపి, "సూసి ఒత్తు నాయినా, సూడకుండా ఒత్తినోళ్ల వల్లే ఇంత దూరం వొచ్చింది," అంది. ఒడిశా వైపు తేలే ఊళ్లకూ, బర్మా వైపు ఊళ్లకూ రెబెకా టీచరు పంపింది. వాళ్లది కూడా మా సముద్రమే, వాళ్లు ఊరికే ఒత్తారు.

ఇరవయ్యో రోజు, శనివారం. గాలి ఈశాన్యం.

గెలిచాం. పొద్దున గాదెలో కుడి పోయి ఎడమ వచ్చింది. నీలు పరీక్ష పలక మీద సున్నా దానంతట అదే పది అయింది. ఇక ఫిర్యాదు పెట్టే పని లేదు, రాయడం మాత్రం అలవాటైపోయింది. సన్యాసమ్మ నిజంగానే పాయసం వండింది.

ఇరవై రెండో రోజు, సోమవారం. గాలి రాయలేదు, చూసే స్థితిలో లేను.

పొద్దున ప్రార్థన అవగానే సారు గదికి పిలిచారు. తెర మీద ఒక మనిషి. తలలో పువ్వు లేదు కాని ముఖం గుర్తుపట్టాను. పాఠం ఆవిడ. లిటియా. కూర్చోలేదు, తెరకు దగ్గరగా నిలబడి ఉంది, జుట్టు చెదిరి ఉంది. ఏదో గట్టిగా అంది. సారు మెడలో పెట్టె వార్తలు చదివింది.

"మీరేనా ఆ ఎడమ చేయి స్త్రీ?"

"నేనే."

"మా పిల్లలను సముద్రములో ముంచవలెనని మీ ఉద్దేశమా?"

ఆ గొంతులో ఏ రంగూ లేదు. కాని ఆవిడ ముఖం చూశాను. ఆ ముఖం నాకు తెలుసు. మూడు వారాలుగా అదే నేను వేసుకుని తిరుగుతున్నాను.

గాదె రూలు ఒక్కటే కదా. ఒక విషయానికి ఒకటే పాఠం. మాది గెలిచింది కాబట్టి ఆవిడది పోయింది. ఇక్కడ మాత్రమే కాదు, అన్ని చోట్లా పోయింది. రెండు రోజులుగా అక్కడి పిల్లలు నా గొంతు విని ఎడమ చేతులు చాపుతున్నారు. వాళ్లకు కూడా పడవల పరీక్ష ఉంది. గురువారం.

"నేను నలుబది సంవత్సరములు ఈ పాఠమును బోధించితిని," అంది పెట్టె. "నా సోదరుడు ఎడమ అనుకుని వెళ్లినాడు. తిరిగి రాలేదు. మీ నక్షత్రములు ఎవరు ఇచ్చిరి?"

నేనే ఇప్పించాను. గడప గడపకూ తిరిగి. అటు వైపు ఇంకోలా తిరుగుతుందని ఏడో రోజున రెబెకా టీచరు చెబితే, నాకెందుకు అన్నాను. పైన రాసి ఉంది, చదువుకోండి. గాదె చేసిన తప్పే నేనూ చేశాను. దానికి మనసు లేదు, తెలియక చేసింది. నేను తెలిసి చేశాను.

"తిట్టమ్మా," అన్నాను. "తిట్టాక సెప్పు, గురువారం లోపల ఏటి సెయ్యాలో."

ఆవిడ తిట్టింది. పెట్టె అందులో సగం చదవడానికి ఒప్పుకోలేదు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఇరవై మూడో రోజు, మంగళవారం. గాలి ఈశాన్యం.

నక్షత్రాలు వెనక్కి తీయిస్తే ఇక్కడ మళ్లీ కుడి వస్తుంది. ఉంచితే అక్కడ ఎడమ ఉంటుంది. పాఠం పేరులో ఊరి పేరు పెడతామంటే గాదె ఒప్పుకోదు, అందరి బళ్లకూ పనికొచ్చే పేరే ఉండాలట. అందరికీ పనికొచ్చే పేరట. ఎవరికి పనికొచ్చిందో చెప్పమనండి.

రెబెకా టీచరు పేజీలు తిప్పి తిప్పి ఒక సందు పట్టింది. పాఠం పెట్టిన ఇద్దరూ ఒప్పుకుని రెండింటినీ ఒకటిగా కలిపితే, నక్షత్రాలు కూడా కలుస్తాయి. అప్పుడు దాన్ని ఎవరూ తియ్యలేరు. నేనూ లిటియా రోజంతా తెరకు అటూ ఇటూ కూర్చున్నాం. ఆవిడ కుడి చెయ్యి చాపింది, నేను ఎడమ చెయ్యి చాపాను. అది పిల్లలకు అర్థం కాదు, ఇద్దరు ముసలమ్మలు కొట్టుకుంటున్నారనుకుంటారు అంది నీలు.

"ముందు ఏం చెప్పాలి?" అంది రెబెకా టీచరు.

"ముందు సెప్పకూడదమ్మా," అన్నాను. "ముందు అడగాల. నువ్వు ఎక్కడున్నావని."

పెట్టె అది చదివాక లిటియా తల ఊపింది.

అలాగే చేశాం. పాఠం ప్రశ్నతో మొదలవుతుంది. పిల్ల తానున్న సముద్రం చెప్పాక, భూమధ్య రేఖకు ఇటుదైతే నేను వస్తాను, అటుదైతే లిటియా వస్తుంది. పంపేటప్పుడు గాదె ఆపింది. మొదటి ప్రశ్నకు సరైన జవాబు ఒక్కటే గుర్తించమంది. రెబెకా టీచరు ఖాళీగా వదిలింది. అప్పుడు తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఈ ప్రశ్నకు ఒకే సరైన జవాబు లేదు, అయినా పంపమంటారా, బాధ్యత మీదే.

టీచరు చెయ్యి ఆగిపోయింది. ఎర్ర చుక్క పడితే ఆమెకు ఇంకే ఇంటర్నేషనల్ స్కూల్లోనూ పని దొరకదు. నా వైపు చూసింది. నేను ఒత్తుదామంటే నా బొటనవేలికి పట్టా లేదు.

"ఒత్తమని నాను సెప్పను తల్లీ," అన్నాను. "అది నీ బతుకు."

ఒత్తింది. చుక్క పడింది. ఆ చుక్క పక్కనే హాల్వర్‌సెన్ సారు కూడా తన వేలు ఒత్తి, రెండో చుక్క వేయించుకున్నాడు.

ఇరవై అయిదో రోజు, గురువారం. గాలి ఈశాన్యం. ఇక్కడి గాలి ఇవాళ ఎవరికి కావాలి.

తెల్లవారుతూనే సారు గది ముందు బల్ల మీద కూర్చున్నాను. వాళ్లకు అప్పటికే మధ్యాహ్నం. పడవలు వదిలేసి ఉంటారు. అక్కడి పిల్లల ముఖాలు నాకు తెలియవు, ఎంతమందో కూడా తెలియదు. అయినా వాళ్ల మెడల దగ్గర వేలు దూర్చి చూడాలనిపించింది. సన్యాసమ్మ టీ తెచ్చి పెట్టి, ఒక్క ఎగతాళి మాట కూడా అనకుండా పక్కన కూర్చుంది. అది చూసి ఇంకా భయం వేసింది.

తొమ్మిదిన్నరకు తెర వెలిగింది. లిటియా బట్టలు తడిసి ఉన్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. పెట్టె చదివింది.

"పడవలన్నియు చేరినవి. పిల్లలందరు క్షేమము."

సన్యాసమ్మ నా వీపు మీద ఒకటి చరిచింది. లిటియా ఇంకా ఏదో చెబుతోంది. పెట్టె నెమ్మదిగా అందుకుంది.

"వదులుటకు ముందు నేను వారిని, మీరు ఎక్కడ ఉన్నారు అని అడిగితిని. ఒక బాలుడు, పడవలో, అని చెప్పినాడు."

గదిలో అందరూ నవ్వారు, సారుతో సహా. నేను కూడా నవ్వాను, తర్వాత నవ్వు ఆగిపోయింది. పన్నెండేళ్ల గుంటడు. పుట్టినప్పటినుంచి బళ్లోనే ఉన్నాడు. గాదెలో ఉన్న పాఠాలన్నీ వాడికి వచ్చు. నువ్వెక్కడున్నావురా అని ఇంతవరకు ఒక్కరూ వాడిని అడగలేదు.